పోలమ్మ పోసిన నెయ్యి దీపం

చింతలమెట్ట అడవికి టౌన్‌హాలు వచ్చింది. తాగడానికి నీళ్లు ఉన్నాయా, మేయడానికి గడ్డి ఉందా అని అడక్కండి. టౌన్‌హాలు వచ్చింది, అంతే. రాతి గోడలు, తాటాకు కప్పు, ఏనుగు వంగకుండా దూరిపోయేంత గుమ్మం, ఆ గుమ్మానికి ఎర్రమట్టితో అలికిన గడప. లోపల పెద్ద వేదిక, వేదిక మీద ఎత్తు కుర్చీ, ఆ కుర్చీలో చైర్మన్ జంబుకేశం గారు. జంబుకేశం గారంటే నక్కేలెండి. కుర్చీలో కూర్చున్నాక నక్క అనకూడదని తీర్మానం చేశారు.

హాలు ఎక్కడ కట్టారయ్యా అంటే, సరిగ్గా వాగు పారే దారిలో. అక్కడైతే నేల చదునుగా ఉందట! ఎన్నో తరాలుగా నీళ్లు పారితే నేల చదునుగా ఉండక గుట్టలు గుట్టలుగా ఉంటుందా? హాలు తడవకుండా దాని వెనక వాగుకి అడ్డంగా మట్టికట్ట వేయించారు. కట్ట వెనక నీళ్లు చెరువులా నిలిచాయి. ఆ నిలిచిన నీళ్లలో పీతలు పెరిగాయి. ఆ పీతలు ఎవరి పొట్టలోకి వెళ్తున్నాయో ఊరందరికీ తెలుసు గానీ ఊరందరికీ పని ఉంది, పైకి అనరు. కట్ట మీద అడవిపందులు కాపలా. చైర్మన్ గారి నోటిమాట వస్తే తప్ప పిడికెడు మట్టి కూడా కదల్చరు వాళ్లు.

కట్ట కింద, హాలు దాటాక, పోలమ్మ మడుగు ఉండేది. పోలమ్మ గేదె. ఆ మడుగులోనే పుట్టింది, ఆ మడుగులోనే పెరిగింది, మొన్న చలికాలంలో ఈనిన దూడని కూడా ఆ మడుగులోకే దింపింది. ఇప్పుడు మడుగంటే నెరలు విచ్చిన బురద. గేదె జాతికి చెమట పట్టదు, ఎండ తగిలితే నీళ్లలో మునగాలి. పోలమ్మ ఎలాగో ఓర్చుకుంటోంది గానీ, దూడ ఒళ్లంతా పగుళ్లు తేలి, ఈగలు ముసిరి, అమ్మా అనడం కూడా మానేసింది. పక్కనే ముసలి తాబేలు పేరయ్య, మిగిలిన చెంబెడు తడిలో డిప్ప ఆనించుకుని పడున్నాడు.

"పేరయ్య మావయ్యా, ఈసారి సభలో అడిగేస్తాను" అంది పోలమ్మ.

"ప్రతిసారీ అదే అంటావు. అడగనిస్తే కదా!"

నిజమే మరి. చింతలమెట్టలో నెలకోసారి "ప్రజలతో ముఖాముఖి" జరుగుతుంది. ఎవరికి ఏ కష్టం ఉన్నా లేచి అడగొచ్చు, చైర్మన్ గారు అక్కడికక్కడే జవాబు చెబుతారు. ఎంత గొప్ప ఏర్పాటో చూడండి! మనుషుల్లో కూడా ఇంత గొప్ప ఏర్పాట్లు లేవు. ఉన్నా ఇలాగే ఉంటాయి.

సభకి ముందు జ్యోతి ప్రజ్వలన. వేదిక కింద నేల మీద పెద్ద మట్టి ప్రమిద పెడతారు. ఎత్తుగా పెడితే కోతులు తాకుతాయని నేల మీదే పెట్టించారు. దీపం వెలిగించాక కాకి ఏకాంబరం, అంటే సభకి వ్యాఖ్యాత, గొంతు సవరించుకుని నియమాలు చదువుతాడు.

"దీపం వెలుగుతున్నంతసేపే సభ! దీపం వెలుగుతుండగా ఎంతవారైనా గడప దాటరాదు! దీపాన్ని నోటితో ఊదినా, రెక్కతో విసిరినా, తోకతో కొట్టినా పదవి ఉన్నవాడికి పదవి, లేనివాడికి అడవి ఊడుతుంది!"

ఈ నియమాలు ఊరికే పుట్టలేదు. మొదటి సభలో చైర్మన్ గారి ఉపన్యాసం సగంలో ఉండగా జింకలన్నీ లేచి మేతకి వెళ్లిపోయాయి. ఓ కోతి ఏకంగా దీపం ఊదేసి "సభ అయిపోయిందోయ్" అని అరిచింది. దాంతో జంబుకేశం గారి మనసు గాయపడి ఈ నియమాలు కారాయి.

ఇక నూనె సంగతి. ప్రమిదలో నూనె పోసేది జంబుకేశం గారే, ఓ నత్తగుల్లతో కొలిచి మరీ. ఆ నూనె ఎంతసేపు వెలుగుతుందయ్యా అంటే, చైర్మన్ గారి ఉపన్యాసం పూర్తయి, కుందేలు గారు లేచి "అధ్యక్షా, మా కోసం మీరు ఇంతలా కష్టపడుతుంటే మీ ఆరోగ్యం ఏం కావాలి?" అని అడిగి, చైర్మన్ గారు కళ్లు తుడుచుకుని "మీ అభిమానమే నా ఆరోగ్యం" అనేదాకా. ఆ కుందేలుకి చైర్మన్ గారి పెరట్లో ముల్లంగి మడి ఉంది. ఆపైన పోలమ్మ లేచి "అయ్యా, మా మడుగు" అనేసరికి దీపం కొండెక్కేది. "అయ్యో, ఏం చేస్తాం, సభ ముగిసింది! పోలమ్మ గారి ప్రశ్న చాలా ముఖ్యమైనది, వచ్చే సభలో మొదట అదే" అనేవాడు జంబుకేశం. వచ్చే సభలోనూ మొదట ఉపన్యాసమే.

పోయిన సభలో ఇంకో ఘోరం జరిగింది. బయట ఎండలో ఉంచి వచ్చిన దూడ సొమ్మసిల్లి పడిపోయిందని ఎవరో కేకేశారు. పోలమ్మ లేచి పరుగున గడప దాకా వచ్చింది. ఏకాంబరం రెక్కలు అడ్డం పెట్టాడు.

"ఉపన్యాసం నడుస్తోంది, కూర్చో!"

"నా బిడ్డ పడిపోయింది బాబూ! ఒక్కసారి చూసి వచ్చేస్తాను!"

వేదిక మీద నుంచి జంబుకేశం నవ్వుతూ అన్నాడు, "రూలు రూలే పోలమ్మా. రేపు నాకే అవసరం పడిందనుకో, నేనైనా దాటను."

పోలమ్మ గడప ఇవతలే నిలబడిపోయింది. దీపం కొండెక్కేదాకా ఆ గుమ్మంలోంచి దూడని చూస్తూ నిలబడింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి గానీ నోరెత్తలేదు. వెనక నుంచి ఎవరో "దున్నపోతు మీద వాన కురిసినట్టే" అని కిసుక్కుమన్నారు. దూడ బతికింది, సభ అయ్యాక మడుగుకి చేర్చగానే పేరయ్య తన చెంబెడు తడిలోంచి కాస్త బురద దాని మూతికి పూశాడు గనక. ఇంకో నెల ఇలాగే గడిస్తే బతకదని మాత్రం పోలమ్మకి తెలిసిపోయింది.

ఆ రోజంతా పోలమ్మ నెమరేస్తూ కూర్చుంది. గేదెలు గడ్డి ఒకటే నెమరేస్తాయనుకుంటారు జనం. ఆ మాట ఈ మాట, నత్తగుల్ల, ప్రమిద, గడప, అన్నీ నోట్లో వేసుకుని మెల్లగా, పళ్ల కింద తిప్పి తిప్పి నమిలింది. పొద్దు వాలేసరికి తల ఎత్తింది.

"మావయ్యా, తప్పు మన ప్రశ్నలో లేదు."

"మరెక్కడుంది?"

"నూనెలో ఉంది" అంది పోలమ్మ.

సభ దగ్గర పడుతుండగా పోలమ్మ హాలుకి వెళ్లి చైర్మన్ గారికి దండం పెట్టింది.

"జంబుకేశం బాబూ, దూడ గండం గట్టెక్కితే దీపానికి నెయ్యి ఇస్తానని మొక్కుకున్నాను. ఈసారి దీపంలో నా నెయ్యి పోయనివ్వాలి."

జంబుకేశం మీసం దువ్వుకున్నాడు. గేదె దారికొచ్చింది, అనుకున్నాడు. మడుగూ గిడుగూ మర్చిపోయి మొక్కుల్లో పడింది. పైగా హాలు నూనె మిగులుతుంది. మిగిలింది ఇంటికెళ్తుంది.

"తప్పకుండా పోలమ్మత్తా! భక్తి ఉన్నచోటే అభివృద్ధి. ఏకాంబరం, దాత పేరు రెండుసార్లు చదువు!"

నిన్నటిదాకా ఒట్టి పోలమ్మ, నెయ్యి అనగానే అత్త అయిపోయింది చూశారా!

సభ రోజు హాలు కిటకిటలాడింది. ముఖ్య అతిథులుగా పైనున్న కొండ అడవి పెద్దలు వస్తారన్నారు. వాళ్ల కోసం వేదిక మీద కొబ్బరి బొండాలు వరసగా పేర్చారు. పెద్దలు రాలేదు. వాళ్ల అడవిలోనూ ఆ రోజు ముఖాముఖి ఉందట. బొండాలు వృథా పోకూడదు కదా, ప్రజల సొత్తు! జంబుకేశం గారు ఒక్కొక్కటే ఎత్తి గటగటా తాగేశారు. కింద దాహంతో నాలుకలు బయటపెట్టుకున్న జనం ఆయన గొంతు కదలడం చూస్తూ కూర్చున్నారు.

పోలమ్మ నెయ్యి తెచ్చింది. చెంబుతో కాదు, కొమ్ముల మధ్య కుండతో. ప్రమిదలో వంచింది. నెయ్యి అంచు దాకా వచ్చింది. మిగిలిన నెయ్యితో ఉన్న కుండని ప్రమిద పక్కనే బోర్లా పడకుండా ఒరగబెట్టింది. తగ్గిన కొద్దీ కాస్త కాస్త జారి ప్రమిద నిండుతూనే ఉంటుంది.

"చాలు చాలు, అత్తా, చాలు!" అన్నాడు జంబుకేశం.

"తప్పు నాయనా, దీపం దగ్గర చాలు అనే మాట అనకూడదు" అంది పోలమ్మ చెంపలేసుకుంటూ. హాలంతా "నిజం నిజం" అంది. అందరి ముందూ దీపానికి అడ్డు చెప్పే ధైర్యం ఏ చైర్మన్‌కి ఉంటుంది?

దీపం వెలిగింది. ఏకాంబరం నియమాలు చదివాడు. చైర్మన్ గారు ఉపన్యాసం చేశారు. హాలు ఎంత పొడవో, ఎంత వెడల్పో, కప్పు మీద ఎన్ని తాటాకులో చెప్పారు. కుందేలు లేచి ఆరోగ్యం గురించి అడిగింది. చైర్మన్ గారు కళ్లు తుడుచుకుని, అలవాటుగా దీపం వైపు చూశారు. దీపం పెళ్లికూతురిలా వెలిగిపోతోంది.

అప్పుడు పోలమ్మ లేచింది.

"నాయనా, మా మడుగుకి నీళ్లు ఎందుకు రావడం లేదు?"

"ఆహా! చాలా మంచి ప్రశ్న! ఇలాంటి ప్రశ్నలే మనకి కావాలి!"

"మరి జవాబు?"

"తొందరెందుకు? ప్రశ్న ఎంత బాగుందో ముందు అందరూ చూడనివ్వండి."

అందరూ చూశారు. దీపం వెలుగుతూనే ఉంది.

"చూశాం నాయనా. నీళ్లెప్పుడు?"

"విషయం ఉపసంఘం పరిశీలనలో ఉంది."

"ఉపసంఘంలో ఎవరున్నారు?"

"నేనున్నాను."

"ఇంకా?"

"నేనొక్కడినే. ఖర్చు తగ్గుతుందని."

"మరి ఏం తేల్చారు?"

"మొన్నటి సమావేశం కోరం లేక వాయిదా పడింది."

"మీరొక్కరే కదా నాయనా, కోరం లేకపోవడమేంటి?"

"ఆ రోజు నేను వెళ్లలేదు" అన్నాడు జంబుకేశం. ఎక్కడో కోతి ఫక్కున నవ్వింది. చైర్మన్ గారు కుర్చీలో ఓ పక్కకి ఒరిగారు. బొండాలు తమ పని మొదలుపెట్టాయి.

"అయినా వాగు దానంతటదే ఎండిపోయింది పోలమ్మత్తా. ప్రకృతి! మన చేతుల్లో ఏముంది?"

"మరి హాలు వెనక నిలిచిన ఆ నీళ్లేంటి?"

"అవి నీళ్లు కావు, సుందరీకరణ."

"సుందరీకరణలో పీతలుంటాయా?" అని అడిగింది ఓ ఉడుత. ముందెప్పుడూ సభలో నోరు తెరవని ఉడుత! దాని వెనక జింక లేచింది. జింక వెనక ముంగిస. ఎప్పటి ప్రశ్నలో, ఎన్నాళ్లుగా నాలుకల మీద ఎండిపోయినవో, అన్నీ బయటికొచ్చాయి. ఎటు తిరిగినా చివరికి పోలమ్మ గొంతు మెల్లగా, విసుగు లేకుండా వినబడుతోంది.

"అదంతా సరే నాయనా. నీళ్లెప్పుడు?"

నీళ్లు అన్నప్పుడల్లా జంబుకేశం ఒళ్లు ఝల్లుమంటోంది. కాలు మీద కాలు వేశాడు. మళ్లీ కాళ్లు మార్చాడు. తోక చుట్టుకుని దాని మీద కూర్చున్నాడు. ఏకాంబరాన్ని దగ్గరికి పిలిచాడు.

"దీపం ఇంకెంతసేపు వస్తుందిరా?"

కాకి ఒంటికన్నుతో కుండలోకి తొంగి చూసొచ్చింది. "అయ్యగారూ, రేపు పొద్దుటికి కొండెక్కితే మన అదృష్టం."

"చచ్చాం! నీ రెక్క పొరపాటున తగిలించరా."

"నా అడవి ఊడుతుంది అయ్యగారూ. మీ తోక పొరపాటున తగిలించండి."

"నా పదవి ఊడదూ!"

కక్కలేక మింగలేక అంటారే, ఇది అంతకంటే ఘోరం. జంబుకేశం మెల్లగా వేదిక దిగాడు, గోడ వెంట నడిచాడు, ఏమీ ఎరగనట్టు గడప వైపు కాలు చాచాడు.

"గడప! గడప!" హాలు ఒక్కసారిగా గోల పెట్టింది.

"ఒక్క నిమిషం, ఇప్పుడే వచ్చేస్తాను. అత్యవసరం!"

పోలమ్మ వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. గేదె అడ్డంగా నిలబడితే గుమ్మంలో గాలి కూడా దూరదు.

"నా బిడ్డ చావుబతుకుల్లో ఉన్నప్పుడు నేను ఇక్కడే నిలబడ్డాను నాయనా. ఇదిగో, ఈ అంగుళం మీదే. రూలు రూలే, నేనైనా దాటను అన్నారు. ఆ మాట తమరిదే."

ఆనాడు కిసుక్కుమన్నవాడు ఎవడో తల దించుకున్నాడు. జంబుకేశానికి మాత్రం సిగ్గుపడే తీరిక లేదు. మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని గంతులేస్తున్నాడు.

"అత్తా! తల్లీ! దీపం ఆరే దారేదైనా చెప్పు!"

పోలమ్మ నిదానంగా నమిలింది. "ఊదితే తప్పు. విసిరితే తప్పు. నీళ్లు తమంతట తాము వచ్చి ఆర్పాయనుకోండి, నీళ్లకి పదవి లేదు, వాటిని అడవి నుంచి వెళ్లగొట్టేవాడూ లేడు. అది ఎవరి తప్పవుతుంది?"

"నీళ్లా! ఇప్పుడు నీళ్లెక్కణ్ణుంచి వస్తాయి?"

"వెనక సుందరీకరణ ఉంది కదా నాయనా."

జంబుకేశం ఇంకేం ఆలోచించలేదు. ఆలోచించే చోట వేరే ఒత్తిడి ఉంది. వెనక కిటికీ ఎక్కి కట్ట వైపు తిరిగి అరిచాడు.

"ఒరేయ్ పందులూ! గండి కొట్టండ్రా!"

కట్ట మీద నుంచి పందులు తెల్లమొహం వేశాయి. "అయ్యగారూ, ప్రాణం పోయినా కదలొద్దన్నారు కదా!"

"ప్రాణమే పోతోందిరా! కొట్టండి!"

చైర్మన్ గారి నోటిమాట, నిండు సభలో, ఊరందరూ వింటుండగా. పందులు మూతులు గుచ్చి ఒక్క తవ్వు తవ్వాయి. కట్ట తెగింది. వాగుకి ఎవరూ దారి చెప్పలేదు, అక్కర్లేదు కూడా. వెనక కిటికీలోంచి హాల్లోకి దూకింది, వేదిక కిందుగా పారింది, చాపలు లేపింది, బొండాల డొప్పలు తేల్చింది, కుందేలు గారి చెవులు తడిపింది, దీపాన్ని సుయ్‌మనిపించింది, ఎర్రమట్టి గడపని నాలుకతో నాకినట్టు నాకేసి కిందికి పోయింది.

"సభ ముగిసింది!" అని ఏకాంబరం ఇంకా అననే లేదు, చైర్మన్ గారు గడప దాటేశారు. వందన సమర్పణకి కూడా ఆగలేదు. పొద దాకా చేరారో లేదో ఏకాంబరం ఇప్పటికీ నోరు విప్పడు. కానీ జనం బయటికొచ్చేసరికి ఆయన నడుందాకా నీళ్లలో కూర్చుని, వాగు అందాన్ని మెచ్చుకుంటున్నారు.

పోలమ్మ అటు చూడనైనా చూడలేదు. నీళ్లతో పోటీ పడి కిందికి పరిగెత్తింది. నెరలన్నీ గుటకలేస్తున్నాయి. పేరయ్య డిప్ప తేలి, ముసలాడు నాలుగు కాళ్లూ ఆడిస్తూ "అడిగేశావే అమ్మాయ్!" అని అరుస్తున్నాడు. పోలమ్మ దూడని మూతితో నెట్టి నీళ్లలోకి దింపింది. దూడ మునిగింది, లేచింది, ముక్కులోంచి నీళ్లు చిమ్మి, ఎన్నాళ్లకో "అమ్మా" అంది. పోలమ్మ గట్టిగా ఏడ్చేసింది. దాచుకోలేదు.

మర్నాడు జంబుకేశం గారు కట్ట మళ్లీ వేయమన్నారు. పందులు వినలేదు. అవి అప్పటికే పోలమ్మ మడుగులో ఓ మూల బురద చూసుకుని పొర్లుతున్నాయి. "నిండు సభలో ఇచ్చిన ఆజ్ఞ అయ్యగారూ. మార్చాలంటే మళ్లీ సభ పెట్టాలి" అన్నాయి.

సభ పెట్టాలంటే దీపం వెలిగించాలి. "నెయ్యి సిద్ధంగా ఉంది నాయనా, ఎప్పుడంటే అప్పుడే!" అని మడుగులోంచి పోలమ్మ కేకేస్తుంది. ఆ మాట వినబడగానే జంబుకేశం గారికి ఎంత పెద్ద పనిలో ఉన్నా కాళ్లు దగ్గరకి వస్తాయి, పొదల వైపు పరుగు తీస్తారు. అందుకే చింతలమెట్టలో ఇప్పటిదాకా ఇంకో సభ జరగలేదు, వాగు మాత్రం టౌన్‌హాలు మధ్యలోంచి హాయిగా పారుతోంది.

ఊరి కాలికి అడ్డంగా కట్టిన గడప ఊరిపెద్ద కాలికీ తగులుతుంది.